లెక్క అడిగే కొలువుకు రక్షణ ఏదీ?

* పనితీరు తనిఖీకి రెండు దారులు
* ఒకదానికి రాజ్యాంగం అండ... మరొకదానికి గ్రామసభే దిక్కు
* తేలిన సొమ్ము కొండంత, రాబట్టింది గోరంత

అనంతపురం జిల్లా: ఏటా డిగ్రీ పట్టాలు చేతబట్టుకుని కళాశాలల నుంచి బయటకు వచ్చే యువతీ యువకులకు సర్కారు కొలువంటే గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు, బ్యాంకు పరీక్షలే గుర్తుకు వస్తాయి. ప్రభుత్వ సొమ్ము ఖర్చు చేసేవారి ఎదుట నిలబడి 'ఇంత వెచ్చించారు సరే, ప్రజలకు ఒరిగిందేమిటి?' అని అడగడమే వృత్తిగా గల ఉద్యోగం ఒకటుందని తెలిసినవారు అరుదు. దాని పేరు పనితీరు తనిఖీ. ఈ వృత్తిలోకి గ్రామీణ పట్టభద్రుడికి రెండు దారులున్నాయి. ఒకటి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) కార్యాలయాలకు చేరుస్తుంది. రెండోది ఊరి రచ్చబండ వద్దకు, సామాజిక తనిఖీ బృందంలోకి తీసుకెళ్తుంది.

రెండు చోట్లా అడిగే ప్రశ్న ఒకటే. అడిగేవారికి ఉన్న రక్షణ మాత్రం ఒకటి కాదు. మొదటి దారిలో అడుగుపెట్టినవారికి పదవీ విరమణ వరకు భరోసా ఉంది. రెండో దారి పట్టినవారికి మరుసటి ఏడాది పని ఉంటుందో ఉండదో తెలియదు. ఉపాధి హామీ పథకం దేశంలో తొలిసారి మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. అక్కడ 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పథకాన్ని ప్రారంభించారు. పథకంతోపాటే పుట్టిన సామాజిక తనిఖీ ఇరవై ఏళ్లలో ఏం సాధించింది, ఆ పనిలోకి వచ్చిన యువతకు ఏం మిగిలింది అన్న చర్చ ఈ జిల్లాలో జరగడం సముచితం.

రసీదు ఉంటే సరిపోదు

ప్రభుత్వ తనిఖీలు స్థూలంగా మూడు రకాలు. ఖాతాలు సరిగా ఉన్నాయా అని చూసేది ఆర్థిక తనిఖీ. నిబంధనలు పాటించారా అని చూసేది అనుసరణ తనిఖీ. ఈ రెండింటినీ దాటి, పెట్టిన ఖర్చు ఫలితం ఇచ్చిందా అని నిలదీసేది పనితీరు తనిఖీ. ఇది మూడు కొలబద్దలతో నడుస్తుంది. వనరులను తగిన ధరకు సమకూర్చుకున్నారా అన్నది పొదుపు. ఉన్న వనరులతో చేయగలిగినంత పని చేశారా అన్నది దక్షత. అనుకున్న ప్రయోజనం నెరవేరిందా అన్నది ఫలసిద్ధి.

ఒక చెరువు పూడికతీతనే ఉదాహరణగా తీసుకుందాం. బిల్లులు, ఓచర్లు సరిపోతే ఆర్థిక తనిఖీ ముగుస్తుంది. టెండరు నిబంధనలు పాటించి ఉంటే అనుసరణ తనిఖీకి అభ్యంతరం ఉండదు. పనితీరు తనిఖీకి వచ్చిన ఉద్యోగి మాత్రం కట్టమీద నిలబడి వేరే సంగతులు అడుగుతాడు. చెరువులోకి నీరు వచ్చే వాగు తెరుచుకుని ఉందా? తూము పనిచేస్తోందా? ఆయకట్టులో చివరి మడికి నీరు అందిందా? లెక్కలన్నీ సక్రమంగా ఉండి కూడా చెరువు ఎండిపోయి ఉంటే ఆ ఖర్చు వృథా అని రాయగలిగేది ఈ తనిఖీయే.

పొరుగు రాష్ట్రంలో ఇందుకు పెద్ద నిదర్శనం ఉంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంపై కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ముందుకు వచ్చింది. కేంద్ర జలసంఘానికి చూపిన అంచనా వ్యయం రూ.81,911 కోట్లు కాగా, అది రూ.1.47 లక్షల కోట్లు దాటే అవకాశం ఉందని ఆ నివేదిక పేర్కొంది. వెచ్చించే ప్రతి రూపాయికి వచ్చే ప్రయోజనం 52 పైసలేనని లెక్కగట్టింది. ఏ ఒక్క బిల్లునో పట్టుకుని చూస్తే ఈ సంగతి బయటపడదు. మొత్తం ప్రయోజనాన్ని మొత్తం వ్యయం పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఉపాధి హామీపైనా ఇటువంటి పరిశీలన జరిగింది. 2013లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో ఒక్కో కుటుంబానికి దొరికిన సగటు పని 2009-10లో 54 రోజులు కాగా, 2011-12 నాటికి 43 రోజులకు పడిపోయింది. వంద రోజుల హామీ ఇచ్చిన చట్టానికి ఇది అద్దం పట్టిన లెక్క.

మొదటి దారి: పరీక్ష రాసి ప్రవేశం

కాగ్ పరిధిలోని కార్యాలయాల్లో ఆడిటర్ ఉద్యోగాలను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ పరీక్ష ద్వారా భర్తీ చేస్తున్నారు. ఏ డిగ్రీ చదివినవారైనా అర్హులే. బీకాం చదివితేనే ఆడిట్ ఉద్యోగమన్నది అపోహ. ఏడో వేతన సంఘం సిఫార్సుల మేరకు ఈ పోస్టుకు ప్రారంభ మూలవేతనం రూ.29,200గా నిర్ణయించారు. చేరిన తర్వాత ఎస్ఏఎస్ అనే శాఖాపరమైన పరీక్షలో నెగ్గితే సహాయ ఆడిట్ అధికారి హోదాకు ఎదగవచ్చు. అది సులువైన పరీక్ష కాదు. ఉద్యోగం దొరికిందని పుస్తకం మూసినవారు ఆడిటర్ కుర్చీలోనే ఆగిపోతారు. ఇక సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారా ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీసుకు ఎంపికైనవారికి సిమ్లాలోని జాతీయ అకాడమీలో శిక్షణ ఉంటుంది.

ఈ శాఖకు అధిపతి ఇప్పుడు మన తెలుగువారే. అమలాపురం లోక్‌సభ మాజీ సభ్యుడు కె.ఎస్.ఆర్.మూర్తి కుమారుడైన కె.సంజయ్ మూర్తి 2024 నవంబరు 21న కాగ్‌గా బాధ్యతలు స్వీకరించారు.

కొత్తగా చేరిన ఆడిటర్ తొలి పాఠం ఓపిక. ఓచరును నగదు పుస్తకంతో, నగదు పుస్తకాన్ని ఖజానా లెక్కతో సరిచూడటంతోనే మొదటి రోజులు గడుస్తాయి. రెండో పాఠం భాష. కాగితాన్ని నిలువునా రెండు సగాలుగా విడదీసి ఒకవైపు తనిఖీదారు ప్రశ్న, మరోవైపు శాఖ జవాబు రాసే 'హాఫ్ మార్జిన్' పత్రం ఈ వృత్తిలో ఓనమాలు. అందులో అనుమానానికి, ఆరోపణకు చోటు లేదు. ఫలానా దస్త్రం, ఫలానా పుట, ఫలానా తేదీ, తేడా ఇంత, కారణం తెలపండి అని అడగాలి. ఆధారం లేని వాక్యం పై అధికారి బల్ల దాటదు. ఇలా మొదలైన ప్రశ్నే శాఖ వివరణ పొంది, ముసాయిదా పేరాగా మారి, నివేదికలో చేరుతుంది. 151వ అధికరణ ప్రకారం అది చట్టసభ ముందుకు వెళ్తుంది. ప్రజాపద్దుల సంఘం దానిపై అధికారులను పిలిచి విచారిస్తుంది. మారుమూల కార్యాలయంలో కూర్చుని కొత్త ఉద్యోగి రాసిన ఒక ప్రశ్నకు శాఖ కార్యదర్శి జవాబు చెప్పుకోవలసిన పరిస్థితి రావచ్చు.

ఇంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది? రాజ్యాంగంలోని 148వ అధికరణ నుంచి. కాగ్‌ను పదవి నుంచి తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతినే పాటించాలి. పదవి వీడిన తర్వాత మరో ప్రభుత్వ పదవికి ఆయన అర్హుడు కాడు. కార్యాలయ నిర్వహణ వ్యయాన్ని భారత సంచిత నిధి నుంచి నేరుగా ఇస్తారు. తనిఖీకి గురయ్యేవారి దయాదాక్షిణ్యాలపై తనిఖీ చేసేవారు బతకరాదన్న రాజ్యాంగ నిర్మాతల ముందుచూపు ఇందులో కనిపిస్తుంది.

రెండో దారి: రచ్చబండ వద్ద లెక్క

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరాణాలో తొలి ప్రజా విచారణ నిర్వహించింది. పనుల బిల్లులను, కూలీల హాజరు పట్టీలను ఊరి జనం ముందు చదివి వినిపించడమే ఆ విచారణ. ఆ ఒరవడే 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షనుగా మారింది. గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీ జరపాలని ఆ సెక్షను నిర్దేశించింది. దానిని ఉత్తరువుల్లోంచి ఊళ్లలోకి తెచ్చిన మొదటి రాష్ట్రం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2006లోనే అనంతపురం జిల్లాలో పాదయాత్రగా సామాజిక తనిఖీ జరిగింది. 2009లో ఇందుకోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. ఇటువంటి స్వతంత్ర సంస్థ దేశంలో అదే మొదటిది. 2011లో కేంద్రం తనిఖీ నిబంధనలు ప్రకటించి, ప్రతి పంచాయతీలో ఆరునెలలకోసారి సామాజిక తనిఖీ జరగాలని ఆదేశించింది.

ఈ తనిఖీకి వచ్చేవారు సూటు బూటు వేసుకున్న అధికారులు కారు. కూలీల కుటుంబాల్లో పుట్టి, ఇంటరో డిగ్రీయో చదివిన యువతీ యువకులు. జిల్లా వనరుల వ్యక్తులు (డీఆర్పీలు) వారిని ఎంపిక చేసి శిక్షణ ఇస్తారు. తనిఖీకి నియోగించినవారు అదే పంచాయతీ నివాసులై ఉండరాదన్నది 2011 నిబంధన. బంధుత్వాలు, పగలు, మొహమాటాలు లెక్కలోకి చొరబడకుండా చేసిన ఏర్పాటది.

కొత్తగా వచ్చినవారు నేర్చుకునేది ఇక్కడా దస్త్రంతోనే మొదలవుతుంది. మస్టర్లు, కొలతల పుస్తకం, చెల్లింపు పత్రాలు ముందు తీసుకోవాలి. తర్వాత ఇల్లిల్లూ తిరగాలి. 'మీకు పని దొరికిందా?' అని అడిగితే 'దొరికింది' అన్న ఒక్క మాటే వస్తుంది. 'వేరుశనగ విత్తకముందా, తర్వాతా? ఏ గట్టు దగ్గర? మీ పక్కన ఎవరు తవ్వారు?' అని అడిగితే నిజం బయటకు వస్తుంది. ఏడాదిలో సగం రోజులు బెంగళూరులో తాపీ పనిచేసే కుటుంబం పేరు అదే రోజుల్లో ఊరి మస్టరులో కనిపిస్తే అక్కడ ఆగాలి. చనిపోయినవారి పేరు, వసతిగృహంలో ఉండి చదువుకునే పిల్లవాడి పేరు కనిపించినా ఆగాలి.

ఆ తర్వాతిది టేపు పని. ఉదాహరణకు 20 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు గల కందకం తవ్వినట్లు పుస్తకంలో ఉంటే మట్టి 10 ఘనపు మీటర్లు. అక్కడికి వెళ్లి కొలిస్తే లోతు 30 సెంటీమీటర్లే ఉంటే మట్టి 6 ఘనపు మీటర్లు. మిగిలిన 4 ఘనపు మీటర్ల సొమ్ము ఎవరి జేబులోకి వెళ్లింది? వానకు పూడిపోయిందన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. కనుక పూడిక ఎంత, తవ్వకం ఎంత అని మట్టి పొరను చూసి చెప్పగలగాలి. ఇది ఏ పాఠ్యపుస్తకమూ నేర్పదు. గడ్డపార పట్టిన ఇంట పుట్టినవారికి ఈ విద్య త్వరగా పట్టుబడుతుంది.

మూడో పాఠం నడవడిక. పనులు చేయించినవారి ఇంట భోజనం చేయరాదు, వారి వాహనం ఎక్కరాదు. కూలీల వాడలో తిని, బడిలోనో పంచాయతీ కార్యాలయంలోనో తలదాచుకునే బృందానికే ఊరు నోరు విప్పి నిజం చెబుతుంది. చివరకు గ్రామసభలో నివేదిక చదువుతారు. మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. ఫీల్డ్ అసిస్టెంటు, సాంకేతిక సహాయకుడు, ఎంపీడీవో, జిల్లా అధికారులు కూర్చున్న వేదిక ముందు ఇరవై రెండేళ్ల కూలీ బిడ్డ మైకు పట్టుకుని లెక్క అడుగుతుంది. ప్రభుత్వ తనిఖీల చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

దొరికినా దక్కని సొమ్ము

చిక్కంతా ప్రజావేదిక ముగిసిన మర్నాడు మొదలవుతోంది. 2017-18 నుంచి 2020-21 వరకు నాలుగేళ్లలో దేశవ్యాప్తంగా సామాజిక తనిఖీలు పట్టుకున్న దుర్వినియోగం సుమారు రూ.935 కోట్లు. అందులో తిరిగి రాబట్టింది రూ.12.5 కోట్లే అని 2021లో వెల్లడైంది. అంటే నూటికి రూపాయిన్నర కూడా లేదు. మన రాష్ట్రంలో తేలింది రూ.239 కోట్లు, రాబట్టింది రూ.1.88 కోట్లు. పట్టుకోవడంలో దేశానికి దారి చూపిన రాష్ట్రం వసూలులో ఇంతగా వెనుకబడటం విచారకరం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో సామాజిక తనిఖీలో తేలిన అక్రమాలపై చర్యలకు ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. చట్టం పుస్తకంలో చేరినంత సులువుగా సొమ్ము ఖజానాకు చేరలేదు.

ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సన్ ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీ నివేదికలను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. తనిఖీలు పదేపదే జరిగినకొద్దీ సులువుగా దొరికే అక్రమాలు తగ్గాయి, తేలికగా పట్టుబడని అక్రమాలు పెరిగాయి. దొంగ తెలివిమీరితే కాపలాదారు అంతకు మించి నేర్వాలి. నేర్వాలంటే ఆ పనిలో నాలుగు కాలాలపాటు నిలవాలి. గౌరవ వేతనంపై, ఒప్పంద పద్ధతిపై పనిచేసేవారు నిలవడమెలా? రాష్ట్రాల సామాజిక తనిఖీ విభాగాలకు ఉపాధి హామీ వ్యయంలో 0.5 శాతం వరకు కేంద్రం ఇచ్చే ఏర్పాటు చేసినా, ఆ నిధుల విడుదల సకాలంలో జరగక ఇబ్బందులు తలెత్తాయి. మూడు నాలుగేళ్లు ఊళ్లు తిరిగి మట్టి చూసి లోతు చెప్పగల యువకుడు జీతం అందక ఏ ప్రైవేటు కొలువులోనో చేరితే, అతనితోపాటు ఆ విద్య కూడా పోయినట్లే.

తనిఖీకి గురయ్యే యంత్రాంగం చెప్పుచేతల్లోనే తనిఖీ చేసేవారి బతుకు ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాగ్ విషయంలో రాజ్యాంగ నిర్మాతలు మూసిన ఈ కంతను ఊరి స్థాయిలో తెరిచి ఉంచాం.

యంత్రం చూపు చాలదు

సెల్‌ఫోన్ యాప్‌లో హాజరు, ఛాయాచిత్రాలు వచ్చాక మనుషులతో తనిఖీ ఎందుకన్న వాదన వినిపిస్తోంది. ఎన్ఎంఎంఎస్ యాప్ ద్వారా హాజరును 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. రెండున్నరేళ్లు తిరిగేసరికి, 2025 జులైలో, పనికి సంబంధంలేని చిత్రాలు ఎక్కించడం, పాత ఫొటోనే మళ్లీ ఫొటో తీయడం వంటి మోసాలు జరుగుతున్నాయని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలను హెచ్చరించవలసి వచ్చింది. ఫొటోలో ఉన్నది ఎవరో యంత్రం అడగదు. ఊరికి వచ్చి ఆ మనిషి ముఖం చూసినవారే చెప్పగలరు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. పని దినాలను 125కు పెంచి, వ్యయంలో మన వంటి రాష్ట్రాలు 40 శాతం భరించాలని నిర్దేశించింది. పాత చట్టంలో కూలీల వేతనం పూర్తిగా కేంద్రానిదే. రాష్ట్ర వాటా పెరిగిన చోట దొంగ మస్టరులో పోయే ప్రతి వంద రూపాయల్లో 40 రూపాయలు రాష్ట్ర ఖజానావే. తనిఖీ బృందానికి ఇచ్చే జీతాన్ని ఇకపై ఖర్చుగా కాక కాపలాకూలిగా చూడవలసింది రాష్ట్ర ప్రభుత్వమే.

చేయవలసినవి

రెండు దారులూ కలిసే చోటు ఇప్పటికే ఉంది. సామాజిక తనిఖీలో తేలిన అంశాల సారాంశాన్ని కాగ్‌కు పంపాలన్నది 2011 నిబంధనల్లోనే ఉంది. సామాజిక తనిఖీ ప్రమాణాల రూపకల్పనలోనూ కాగ్ కార్యాలయం పాలుపంచుకుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ సామాజిక తనిఖీదారులకు 30 రోజుల ధ్రువపత్ర శిక్షణను రూపొందించింది. ఈ పునాదిపై కట్టవలసినవి కొన్ని ఉన్నాయి.

* తనిఖీ సిబ్బందికి కనీసం మూడేళ్ల ఒప్పందం ఇచ్చి, నెల దాటకుండా జీతం అందేలా నిధిని విడిగా ఉంచాలి.
* ప్రజావేదిక రోజున, నివేదిక చదివిన ఊళ్లో బృందానికి పోలీసు రక్షణ కల్పించాలి. బెదిరింపులపై కేసు నమోదు తప్పనిసరి చేయాలి.
* గత తనిఖీలో తేలిన సొమ్ములో ఎంత వసూలైందో తరువాతి గ్రామసభలో ముందుగా చదివి వినిపించాలి. ఆ తర్వాతే కొత్త తనిఖీ మొదలుకావాలి.
* ధ్రువపత్రం పొంది నిర్ణీత కాలం పనిచేసినవారికి ప్రభుత్వ ఆడిట్ నియామకాల్లో అనుభవం కింద కొంత గుర్తింపు ఇవ్వాలి.
* మస్టరు, కొలతల పుస్తకం చదవడాన్ని డిగ్రీ కళాశాలల్లో ప్రాజెక్టు పనిగా పెట్టాలి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం చొరవ తీసుకుంటే ఈ జిల్లాలోనే అది ఆరంభం కాగలదు.

ఈ వృత్తిలోకి రాదలచిన యువత సైతం ఒక విషయం గుర్తెరగాలి. దండలు, సన్మానాలు దొరికే పని కాదిది. ఊళ్లోకి అడుగుపెట్టగానే కొందరు ముఖం తిప్పుకుంటారు. సమాచార హక్కు చట్టం చదవడం, మన మండల పనుల దస్త్రం ఒకటి తీసుకుని నేలమీద సరిచూడటం ఈ రోజే మొదలుపెట్టవచ్చు. అందుకు నియామక పత్రం అక్కరలేదు. ఏ గ్రామసభలోనైనా లెక్క అడిగే హక్కు ఓటరుగా ఇప్పటికే ఉంది.

అడిగే హక్కు అందరికీ ఉన్నా, అడగడమే పనిగా పెట్టుకున్నవారికి పూట గడవాలి. ఢిల్లీలో లెక్క అడిగేవారికి రాజ్యాంగం ఇచ్చిన నిబ్బరంలో పదో వంతైనా పల్లెలో లెక్క అడిగేవారికి ప్రభుత్వం కల్పించాలి. బండ్లపల్లిలో పథకం ప్రారంభించి దేశానికి దారి చూపిన జిల్లా ఆ డిమాండును ముందుగా వినిపించాలి.